ఈమో అంటే? ఏమో!

(నెలకోసారి పాటలు వినడానికి కలిసే మిత్రుల ముందు, ఒక గ్రంథాలయం మేడ మీద చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న ప్రతి.)

అందరికీ నమస్కారం. మైకు అక్కర్లేదనుకుంటాను. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

2009లో ఇంజినీరింగ్ హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ ఉండేది. రూమ్మేట్ ఎక్కించి ఇచ్చాడు. దాని పేరు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో మూడే మూడు: ఈ, ఎమ్, ఓ. మా నాన్నగారు తపాలా శాఖలో పనిచేసేవారు. నా భుజం మీంచి తెర చూసి, "ఈ-ఎమ్ఓలు నీ దగ్గరున్నాయేంట్రా?" అన్నారు. అప్పటికి ఎలక్ట్రానిక్ మనీ ఆర్డర్లు కొత్త. ఆఫీసులో వాటిని అలాగే పిలిచేవాళ్లు. "అది కాదు నాన్నా, ఈమో. ఒక రకం పాటలు" అన్నాను. "అంటే ఏ రకం?" అని అడిగారు. నేను కాసేపు ఆలోచించి, "ఏమో" అన్నాను. (నవ్వులు)

వేళాకోళానికి అనలేదండీ, నిజంగానే తెలియదు. ఆ ఫోల్డర్‌లో న్యూజెర్సీ వాళ్లు మై కెమికల్ రొమాన్స్, షికాగో శివారు నుంచి వచ్చిన ఫాల్ అవుట్ బాయ్, టెనెసీ పిల్లల బ్యాండ్ పారామోర్ ఉండేవి. వాటి పక్కనే లింకిన్ పార్క్, ఎవనెసెన్స్. ఎక్కడినుంచి తప్పిపోయి వచ్చిందో, అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండ్ ఆల్బమ్ ఒకటి. మొదటి మూడూ ఈమో అంటే ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు. లింకిన్ పార్క్‌ని ఈమో అంటే తగువుకొస్తారు. ఆఖరిదొక్కటే అసలు సరుకు, మిగతావన్నీ అంగడి సరుకు అనేవాళ్లూ ఉన్నారు. మా రూమ్మేట్‌కి ఈ పట్టింపులేవీ లేవు. రాత్రి పదకొండు దాటి, లైట్లార్పేశాక, ఇయర్‌ఫోన్స్‌లో వినాలనిపించేవన్నీ వాడి లెక్కలో ఈమో. వాడికేమీ తెలీదని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. ఎందుకో చెప్పాలనే వచ్చాను.

మోహన రాగం అంటే ఏమిటని అడిగితే ఐదు స్వరాలు చెబుతాం, ఆరోహణ అవరోహణ పాడి చూపిస్తాం. పాడినవాడు సంతోషంగా ఉన్నాడా, దిగులుగా ఉన్నాడా అన్నది రాగలక్షణంలోకి రాదు. ఈమోకి అలాంటి లక్షణం రాయబోతే చేతిలోంచి జారిపోతుంది. వేగంగా ఉంటుందంటే నెమ్మదైనవి వందలున్నాయి. అరుస్తారంటే గొణిగేవాళ్లున్నారు. గిటారంటే ఈమధ్య గిటారు లేని ఈమో కూడా వచ్చింది. అందుకని లక్షణం పక్కనబెట్టి, ఈ పేరు ఎవరి నోటినుంచి వచ్చి ఎవరి నెత్తిన పడిందో చూద్దాం.

కథ వాషింగ్టన్ డీసీలో మొదలవుతుంది. 1980ల తొలి రోజుల్లో అక్కడ హార్డ్‌కోర్ పంక్ నడుస్తోంది. పాట నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. డ్రమ్ము ఊపిరాడనివ్వదు. పాడేవాడు పాడడు, తిడతాడు: ప్రభుత్వాన్ని, పోలీసుల్ని, తాగి తిరిగేవాళ్లని. మైనర్ థ్రెట్ అనే బ్యాండ్‌లో ఇయన్ మెకై పాడేవాడు. అతనూ, అదే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే జెఫ్ నెల్సనూ 1980లో డిస్కార్డ్ అని సొంత రికార్డు లేబుల్ పెట్టుకున్నారు. అప్పటికి ఇద్దరూ కుర్రాళ్లే. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి ఆ కచేరీలకి పాట కోసం కాక కొట్లాట కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వేదిక ముందు అమ్మాయిలకి నిలబడే చోటు లేకుండా పోయింది. ఆ సంగీతం పుట్టించినవాళ్లకే దానిమీద విసుగొచ్చింది.

1985 ఎండాకాలాన్ని ఆ ఊరి పంక్ జనం 'రెవల్యూషన్ సమ్మర్' అని పిలుచుకున్నారు. పేరు చూస్తే ఏదో కోట కూల్చినట్టుంటుంది గానీ, చేసినవి చిన్న పనులే: కొత్త బ్యాండ్లు కట్టడం, దెబ్బలు తగలని కచేరీలు పెట్టుకోవడం, దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు చేరి వర్ణవివక్షకి వ్యతిరేకంగా డబ్బాలూ డోళ్లూ వాయించడం. ఆ కొత్త బ్యాండ్లలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఒకటి. పాడింది గై పిచియోటో. ఆ బ్యాండ్ ఎక్కువకాలం సాగలేదు, చేసిన కచేరీలు కూడా బాగా తక్కువ. వాళ్ల ఒకే ఒక్క ఆల్బమ్‌ని 1985లో ఆర్లింగ్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న ఇన్నర్ ఇయర్ స్టూడియోలో రికార్డు చేశారు. దగ్గరుండి చేయించింది ఇయన్ మెకై.

కాసేపయ్యాక వినిపిస్తాను, మీరే గమనించండి. డ్రమ్ము అదే పరుగు, గిటారు అదే రాపిడి. మారింది పాట ఎటు తిరిగి నిలబడిందన్నది. ఇంతకుముందు వేలు బయటికి చూపించేవాడు ఇప్పుడు తనవైపు తిప్పుకున్నాడు. గడిచిపోయిన రోజులు, తెగిపోయిన స్నేహాలు, తనమీద తనకే కలిగే అనుమానం. గొంతు మధ్యలో చిట్లుతుంది. దాన్ని మళ్లీ పాడి సరిచేయలేదు, అలాగే వదిలేశారు.

ఇక్కడ పేరు పుట్టింది. 'ఎమోషనల్ హార్డ్‌కోర్' అన్నమాటని కుదించి ఎమోకోర్ అన్నారు. అదే తర్వాత ఈమో అయింది. అందులో సగం వెక్కిరింతే. థ్రాషర్ అనే స్కేట్‌బోర్డింగ్ పత్రికలోకి కూడా ఎక్కింది. ఇయన్ మెకై అప్పుడు ఎంబ్రేస్ అనే బ్యాండ్‌లో పాడుతున్నాడు. ఒక కచేరీలో పాటకీ పాటకీ మధ్య ఆ పేరెత్తి, జన్మలో ఇంత తెలివితక్కువ మాట వినలేదని వేదికమీదే దులిపేశాడు. ఆ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది. అతను వాడిన విశేషణం మాత్రం ఈ గ్రంథాలయంలో అనలేను. (నవ్వులు) పిచియోటో తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఇంకా మంచి ప్రశ్న వేశాడు. మావి భావాలున్న పాటలంటున్నారు కదా, అయితే మాకు ముందున్న బ్యాడ్ బ్రెయిన్స్ వాళ్లకి భావాలు లేవా, వాళ్లేమైనా రోబోలా అని. దీనికి ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నిజమే కదా. భావం లేని పాట ఎక్కడుంటుంది?

ఆ తర్వాత ఇదే తంతు. బ్యాండ్ వస్తుంది, ఈమో అంటారు, కాదంటారు. 2007లో మై కెమికల్ రొమాన్స్ గాయకుడు జెరార్డ్ వే ఈమో అంతా చెత్త అని ఒక విద్యార్థి పత్రికతో ఇంకాస్త ఘాటైన మాటలోనే చెప్పాడు. అంతకు కొన్ని నెలల ముందే వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ని ప్రపంచమంతా ఈమోకి పెద్దబాలశిక్షలా చూస్తోంది. ఎవరి నెత్తిన పెట్టినా కింద పడేసే కిరీటం ఇది. అయినా పోలేదు. పేరు పోకుండా పట్టుకుని కూర్చున్నది పాడేవాళ్లు కాదని మనకి అర్థమవుతూనే ఉంది.

కాస్త పక్కకి వెళ్తాను. సంగీతానికి పేరు పెట్టే పని మామూలుగా ఎవరిది? చాలాసార్లు దుకాణం వాడిది. 1949 దాకా అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతివాళ్ల పాటల పట్టికని 'రేస్ రికార్డ్స్' అనేది. ఆ ఏడాది దాన్ని 'రిథమ్ అండ్ బ్లూస్' చేశారు, ఆ మాట అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్‌లర్‌ది. పాటలు అవే, పాడేవాళ్లు వాళ్లే. 1987లో లండన్‌లో కొన్ని చిన్న రికార్డు కంపెనీలవాళ్లు ఒక పబ్‌లో కూర్చుని, ఆఫ్రికా నుంచీ ఆసియా నుంచీ వచ్చే రికార్డుల్ని షాపులో ఏ అరలో పెట్టాలో తెలియక అమ్ముడుపోవడం లేదని తర్జనభర్జన పడి, 'వరల్డ్ మ్యూజిక్' అని ఖాయం చేశారు. సెనెగల్ గాయకుడూ పాకిస్తాన్ ఖవ్వాలీ ఒకే అరలోకి వచ్చాయి. మనదగ్గర లలిత సంగీతం అన్న మాట ఇంత బలంగా నిలబడిందంటే దానికి ఆకాశవాణి కారణం. శాస్త్రీయం కాదు, సినిమా కాదు, జానపదం కాదు. ఆడిషన్ ఫారంలో దానికో గడి ఉంది, దానికో గ్రేడు ఉంది. గడి ఉంది కాబట్టి అందులోకి తగ్గ పాటలు వచ్చాయి. పాటలు ముందా గడి ముందా అంటే చెప్పడం కష్టం.

ఈమోని దుకాణంవాళ్లు కనిపెట్టలేదు, కానీ చేతికందాక వదల్లేదు. 1994లో సియాటిల్ వాళ్లు సన్నీ డే రియల్ ఎస్టేట్ ఒక ఆల్బమ్ తెచ్చారు. అప్పటికి డీసీ హార్డ్‌కోర్‌తో దానికి చుట్టరికం చాలా దూరం. నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడటం, మళ్లీ సద్దుమణగడం, ఇదే ఆ పాటల కట్టు. ఆ దశకంలో ఈమో మిడ్‌వెస్ట్‌కి, అంటే మొక్కజొన్న చేల మధ్య యూనివర్సిటీ ఊళ్లకి చేరింది. 2001లో ఆరిజోనా బ్యాండ్ జిమ్మీ ఈట్ వరల్డ్ పాట ఒకటి బయటికొచ్చి, ఆ మరుసటి ఏడాది బిల్‌బోర్డ్‌లో అయిదో స్థానం దాకా ఎక్కింది. ఇక మాల్‌లో నల్ల టీషర్టులు, కళ్లకి కాటుక, ఒక కన్ను కప్పేసే జుట్టు, మైస్పేస్‌లో ఫొటోలు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మీలో కొందరు ఆర్కుట్‌లో పెట్టిన ఫొటోలు మీకే గుర్తుంటాయి. (నవ్వులు)

సరే, జనం ఎందుకు వింటారు?

దిగులుగా ఉన్నవాళ్లు దిగులు పాటలు వింటారనేది పైపై జవాబు. 2014లో తరుఫీ, కొల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల దేశాల్లో 772 మందిని విషాదగీతాలు విన్నప్పుడు మీకేమనిపిస్తుందని అడిగారు. ఎక్కువమంది చెప్పింది విషాదం అని కాదు, పాతవి గుర్తొచ్చి కలిగే బెంగ అని. ప్రశాంతత, ఆర్ద్రత లాంటివి కూడా చెప్పారు. కరుణ రసమయితే చూసేవాడు ఎందుకు కూర్చుంటాడన్న ప్రశ్న మన అలంకారికులకి పాతదే. శోకం వేరు, కరుణ వేరు అని వాళ్లు గీత గీసి పెట్టారు. అయితే కరుణరసంలో పాత్రకీ నటుడికీ దూరం ఉంటుంది. ఈమో ఆ దూరాన్ని చెరిపేసినట్టు నటిస్తుంది. 'నటిస్తుంది' అని కావాలనే అంటున్నాను. రోజూ రాత్రి ఒకే చోట గొంతు చిట్లడం అనుభవమూ అవుతుంది, అభ్యాసమూ అవుతుంది.

ఆ సెలవుల్లోనే ఒకరోజు స్పీకర్లలో పెట్టాను. నాన్నగారు పేపరు చదువుతూ రెండు నిమిషాలు విని, "ఆ పిల్లాడికి ఎవరైనా కాస్త మంచినీళ్లివ్వండిరా" అన్నారు. శ్రుతి తప్పిందని ముందు అనలేదు, గమనించారా? శ్రుతి తప్పిందని ఆయనకి నాకంటే బాగా తెలుసు. కానీ ఆయన చెవికి ముందు తగిలింది మనిషి. ఈమో వినేవాడికి కావలసింది ఆ క్షణం. బాగా పాడగలిగినవాడు బాగా పాడలేకపోతున్న క్షణం.

రెండోది, కలిసి పాడటం. డాష్‌బోర్డ్ కన్ఫెషనల్ 2002లో ఎమ్‌టీవీ అన్‌ప్లగ్డ్‌లో చేసిన కచేరీ చూడండి. క్రిస్ కరాబా గిటారు పట్టుకుని మొదలుపెడతాడు. మాటలు పూర్తిగా వ్యక్తిగతం, ఎవరో అమ్మాయి మోసం చేసిన గొడవ. కానీ గదిలో ఉన్నవాళ్లంతా మొదటి అక్షరం నుంచి గొంతు కలుపుతారు, చాలాచోట్ల వాళ్ల గొంతే అతనికంటే పైకి వినిపిస్తుంది. డైరీలో రాసుకోవలసిన మాట అది. ఒక్కడివే అయితే పైకి అనలేవు, నలుగురితో కలిసి గట్టిగా అరవొచ్చు. పదహారేళ్లవాడికి ఇది చిన్న విషయం కాదు. మా హాస్టల్లో బ్యాక్‌లాగ్‌ల టెన్షన్ ఉన్నవాడు, ఇంటి దగ్గర అప్పులు ఉన్నవాడు, ప్రేమ చెప్పలేనివాడు, ఎవడూ నోరు విప్పి చెప్పేవాడు కాదు. కోరస్ వచ్చినప్పుడు మాత్రం మొత్తం కారిడార్ అరిచేది. ఇంగ్లిష్ సగం మందికి అర్థమయ్యేది కాదు కూడా.

హాస్యం గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. వీళ్లని ఏడుపుగొట్టువాళ్లని వెక్కిరించే ముందే వాళ్లే తమని వెక్కిరించుకుంటారు. ఫాల్ అవుట్ బాయ్ వాళ్ల 2005 ఆల్బమ్‌లో మొదటి పాట పేరే, కేసు పడకుండా లాయరు ఈ పాట పేరు మార్పించాడు అని.

అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి చెప్పి తీరాలి. ఇలినాయ్‌లో ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు. 1999లో ఒక ఆల్బమ్ చేశారు. అరుపులు లేవు. మామూలు శ్రుతి కాకుండా వేరేగా బిగించిన గిటారు తీగలు, చినుకులు పడ్డట్టు ఒక్కొక్క స్వరం, తాళం లెక్క ఒకపట్టాన అందదు, మధ్యలో ఎక్కడినుంచో ఒక ట్రంపెట్. అట్ట మీద అర్బనాలో ఒక తెల్ల ఇల్లు, రాత్రివేళ, మేడ మీద కిటికీలో దీపం. రికార్డు వచ్చింది, బ్యాండ్ అయిపోయింది, ఎవరి దారిన వాళ్లు పోయారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత పదిహేనేళ్లలో చేతులు మారి చేతులు మారి, ఆ ఒక్క ఆల్బమ్‌లా వాయించాలని ఎన్ని బ్యాండ్లు పుట్టాయో లెక్కలేదు. 'మిడ్‌వెస్ట్ ఈమో' అంటే ఇవాళ కుర్రాళ్ల చెవికి వినిపించేది ఆ చినుకుల గిటారే. 2014లో వీళ్లు తిరిగి కలిశారు. అభిమానులు ఆ ఇంటి ముందు నిలబడి ఫొటోలు దిగడం మామూలైపోయింది. చివరికి 2023లో కూల్చివేత భయం లేకుండా బ్యాండ్, లేబుల్, ఇంకొందరూ కలిసి ఆ ఇల్లే కొనేశారు. ఒక సంగీతానికి లక్షణగ్రంథం లేదు గానీ, క్షేత్రం ఉంది. ఇది నాకు బాగా నచ్చింది.

ఇది ముచ్చటైన వైపు. గీతలు గీసే పని బయటివాళ్లకి దొరికినప్పుడు ఇంకోలా ఉంటుంది. 2008 మార్చిలో మెక్సికోలోని కెరెతారో నగరంలో ఈమో జుట్టు పెట్టుకున్న పిల్లల మీద గుంపు పడి కొట్టింది. తర్వాత మెక్సికో సిటీలోనూ గొడవలయ్యాయి. కొట్టినవాళ్లలో మా వేషం ఎత్తుకుపోయారని కోపమున్న పంక్‌లు కూడా ఉన్నారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఒక పత్రిక ఈమోని ఆత్మహత్యల మతంలా రాస్తే, అభిమానులు మే నెలలో ఆ పత్రిక ఆఫీసు ముందు నిలబడి, ఈ పాటలే మమ్మల్ని బతికించాయన్నారు. 2012లో ఇరాక్‌లో ప్రభుత్వ శాఖే ఈమోలని సైతాను పూజ చేసేవాళ్లుగా ప్రకటించింది, ఆ తర్వాత ఆ ముద్రతో కుర్రాళ్లని చంపారు. చచ్చిపోయినవాళ్లలో ఎంతమంది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ పేరు విని ఉంటారు? బిగుతు ప్యాంటూ, జుట్టూ, అంతే. సంగీతానికి పెట్టిన పేరు మనిషి మీదికి వచ్చేసరికి పాట పక్కకి తప్పుకుంటుంది.

లోపలినుంచి వచ్చిన విమర్శ కూడా ఒకటి చెప్పాలి. 2003లో జెస్సికా హాపర్ పంక్ ప్లానెట్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఈ పాటల్లో అమ్మాయి ఎప్పుడూ వదిలేసి వెళ్లినదే, ఆమెకి పేరుండదు, మాటుండదు, కథంతా గాయపడిన అబ్బాయిదే, ముందు వరసలో నిలబడి వింటున్న అమ్మాయి ఇందులో ఎక్కడుంది అని ఆమె ప్రశ్న. వేదిక ముందు అమ్మాయిలకి చోటు కావాలని 1985లో మొదలైన సంగీతం కదా ఇది. పారామోర్‌లో హేలీ విలియమ్స్ పాడినా ఆ గాలి తగలకుండా పోలేదు. తను పదిహేడేళ్ల వయసులో ఇంకో అమ్మాయిని తిడుతూ రాసిన మాట ఉందని, వాళ్ల పెద్ద హిట్ పాటని 2018లో కచేరీల్లో ఆపేసింది. 2022లో మళ్లీ మొదలుపెట్టింది. మనకి 'లవ్ ఫెయిల్యూర్ సాంగ్స్' అని యూట్యూబ్‌లో గంటల కొద్దీ వీడియోలుంటాయి చూడండి, వాటిని వింటూ ఈ వ్యాసం చదివితే బాగుంటుంది. ఆ పేరు కూడా ఏ సంగీత దర్శకుడూ పెట్టలేదు. ఇళయరాజా పాటా నిన్నమొన్నటి ప్రైవేటు పాటా ఒకే వరసలో ఉంటాయి. రాగం కలవదు, కాలం కలవదు, వినేవాడి పరిస్థితి కలుస్తుంది.

గిటారు లేని ఈమో అన్నాను కదా. లిల్ పీప్, జ్యూస్ వరల్డ్, ఇద్దరూ ర్యాపర్లు. కంప్యూటర్ బీట్లు, పాత ఈమో బ్యాండ్ల గిటారు ముక్కలు, గొణుగుడు. ఇద్దరూ మందుల మోతాదు ఎక్కువై 21 ఏళ్లకే పోయారు, 2017లో ఒకరు, 2019లో ఒకరు. మా రూమ్మేట్ ఫోల్డర్ ఇప్పుడుంటే వీళ్లనీ అందులో వేసేవాడు. 'అసలైన ఈమో అంటే డీసీ వాళ్లదే' అని మొదలయ్యే పేరడీ ఒకటి ఇంటర్నెట్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. అది రాసినవాడు నిజంగా నమ్మి రాశాడో, నమ్మేవాళ్లని ఆటపట్టించాడో ఇప్పుడు తేల్చడం కష్టం. వెక్కిరింతగా పుట్టిన పేరుకి కాపలా కాయడం కూడా వెక్కిరింతగానే మిగిలింది.

స్పాటిఫైలో పనిచేసిన గ్లెన్ మెక్‌డోనల్డ్ అనే ఆయన వినేవాళ్ల అలవాట్లని బట్టి ఆరు వేలకి పైగా సంగీత జాతుల్ని పటం గీశాడు. అందులో ఈమోవే ఎన్నో పాయలు. ఎవరు ఏది విన్నాక ఏది వింటారన్నదే అక్కడ ముఖ్యమైన ఆధారం. పద్ధతి చూస్తే మా వాడి ఫోల్డరే, కాకపోతే చాలా పెద్దది. లైట్లార్పేశారా లేదా అన్నది మాత్రం దానికి తెలియదు.

చాలా మాట్లాడాను. ఇప్పుడు రెండు రికార్డులు పెడతాను, ముందు 1985ది, తర్వాత 1999ది. మధ్యలో బ్యాండ్ పేరు చెప్పను. విన్నాక రెండూ ఒకే అరలో పెడతారా లేదా అన్నది ఆ కాగితం మీద రాయండి. నాన్నగారు కూడా వచ్చారు, ఆ చివర కూర్చున్నారు, ఆయనకీ ఒక కాగితం ఇవ్వండి. ఆ ఫ్యాను కాస్త ఆపుతారా? మొదటి పాటలో డ్రమ్ముకి ముందు ఒక చిన్న చప్పుడుంది, అది పోతుంది.